చెన్నపట్నం నుంచి చూస్తే తూర్పు ఎటు?

వలస పాలన ముగిశాక వచ్చిన నవలల గురించి మాట వస్తే చాలు, 'తూర్పు పడమరల సంఘర్షణ' అన్న ముక్క వెంటనే వినిపిస్తుంది. చెన్నైలో ఎం.ఏ. ఇంగ్లీషు చదివే తెలుగు పిల్లల్ని అడిగితే దీనికి తయారుగా ఒక జవాబు ఉంటుంది. ఊళ్ళో పుట్టిన కుర్రాడు లండన్‌కో పారిస్‌కో చదువుకోడానికి వెళ్తాడు. అక్కడ పరాయివాడే. తిరిగొచ్చాక ఇక్కడా పరాయివాడే. చివరికి రాజీ పడతాడు, లేకపోతే నాశనమవుతాడు. పరీక్షలో ఈ జవాబుకి మార్కులు పడతాయి. ఆ నవలలు శ్రద్ధగా చదివినవాళ్ళకి మాత్రం ఇది సరిపోదు.

తెల్లవాడు రాకముందు 'తూర్పు' అనేది ఒకటి చెక్కుచెదరకుండా ఉండేదనీ, అందులో అందరికీ సమానంగా వాటా ఉండేదనీ ఈ జవాబు ముందే ఒప్పేసుకుంటుంది. మంచి నవల ఏదీ ఆ మాట అనదు. పడమటివాళ్ళు మన గురించి గీసిన బొమ్మ చూసి, అదే మన అసలు ముఖం అనుకుని, దాన్ని కాపాడటానికి జీవితాలు ధారపోసిన మనుషులు ఈ నవలల్లో కనిపిస్తారు. ఆ బొమ్మలో చోటే దొరకని మనుషులూ కనిపిస్తారు. వీళ్ళిద్దరి మధ్యా జరిగేదే అసలు తగువు. ఇంగ్లండు వెళ్ళి రావడం ఆ తగువు బయటపడటానికి ఒక సందర్భం, అంతే.

తెలుగువాళ్ళు ఈ సంగతిని అర్థం చేసుకోడానికి చెన్నై కంటే మంచి చోటు లేదు. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఈ తీరంలో నేల ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు తెలుగువాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం అయిందంటారు. అక్కడ లేచిన సెయింట్ జార్జి కోట పేరుతోనే 1812లో ఒక కాలేజీ పెట్టి, కంపెనీ ఉద్యోగులకి దేశభాషలు నేర్పారు. 1816లో కంపెనీ అధికారి క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం అచ్చయింది. దానికి మరో అధికారి ఎల్లిస్ రాసిన ముందుమాటలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ తమిళ కన్నడాలతో దీనిది ఒకే కుటుంబమనీ వాదించాడు. 1829లో సి.పి. బ్రౌన్ వేమన పద్యాల్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది.

ఈ పనిలో చెమటోడ్చింది తెలుగు పండితులు. తాళపత్రాలు వెతికి, పాఠాలు పోల్చి, శుద్ధప్రతులు రాసిందీ వాళ్ళే. ప్రశ్నలు మాత్రం దొరవి. ఏ గ్రంథం ముఖ్యమైనది, ఏది పాతది, ఏది జాతి లక్షణం అన్న లెక్క దొర అవసరాన్ని బట్టి నడిచింది. ఆ లెక్కలోంచి బయటికొచ్చిన పుస్తకాలే తర్వాతి తరాలకి 'మన సంప్రదాయం' అయ్యాయి. ఎడ్వర్డ్ సయీద్ 1978లో 'ఓరియంటలిజం' రాసి, తూర్పు గురించిన జ్ఞానం పడమటి అధికారంతో కలిసి పెరిగిందని చూపించాడు. ఆయన ఎక్కువగా అరబ్బు దేశాల గురించి రాశాడు గానీ, చెన్నపట్నం అచ్చుయంత్రాల చరిత్ర తెలిసిన తెలుగు పాఠకుడికి ఆ వాదం కొత్తగా అనిపించదు. బ్రౌన్ మీద మనకున్న గౌరవం న్యాయమైనదే. ఆ గౌరవంతో పాటు ఈ వాస్తవాన్నీ పట్టుకోగలగాలి.

తెలుగు నవల పుట్టుకే చూడండి. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' పుస్తకంగా 1880లో వచ్చింది. ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' దానికి ఆధారం. ఇంగ్లండులో ఒక మతగురువు కుటుంబం పడిన కష్టాల కథ గోదావరి ఒడ్డుకొచ్చి రాజశేఖరుడి ఇంటి కథ అయింది. వేషం మార్చుకోవడంతో ఆగలేదది. జ్యోతిష్యాలూ శకునాలూ, దొంగ సాధువులూ, పొగడ్తలకి పొంగి ఇల్లు గుల్ల చేసుకునే గొప్పింటివాళ్ళూ నిండుగా చేరి అది తెలుగు నవలే అయింది. 1887లో హచిన్సన్ అనే ఆయన దాన్ని ఇంగ్లీషులోకి అనువదించి లండన్‌లో ప్రచురించాడు. పుస్తకం పేరు కింద 'హిందూ గృహజీవిత కథ' అని ఇంగ్లీషులో ఉపశీర్షిక పెట్టారు. ఇంగ్లండులో పుట్టిన కథ రాజమండ్రి మీదుగా తిరిగి ఇంగ్లండు చేరేసరికి అచ్చమైన తూర్పు అయి కూర్చుంది! తూర్పు పడమరల మధ్య గీత ఎక్కడుందో చెప్పమంటే ఈ ఒక్క పుస్తకం దగ్గరే ఆగిపోవాలి.

ఆ గీత మీద నిలబడి రాసిన నవలల్లో అన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సింది రవీంద్రనాథ్ ఠాగూర్ 'గోరా'. పుస్తకంగా 1910లో వచ్చింది. వలస పాలన ఇంకా గట్టిగా ఉన్న రోజులవి. అయినా తర్వాత వచ్చిన నవలలు అడిగిన ప్రశ్నలన్నీ ఇందులో ఉన్నాయి. గోరా మొదట్లో బ్రహ్మసమాజం వైపు మొగ్గినవాడు. ఒక మిషనరీ పత్రికలో హిందూ సమాజాన్ని తిడుతూ రాస్తే గోరా జవాబివ్వడం మొదలుపెడతాడు. మొదట పట్టింపు కోసం రాసినవాడు, రాస్తూ రాస్తూ తన వాదనని తానే నమ్మేస్తాడు. పత్రికవాళ్ళు ఆ ఉత్తరాలు ఆపేశాక హిందూమతం గొప్పతనం మీద ఒక పుస్తకం రాయడానికి కూర్చుంటాడు, అదీ ఇంగ్లీషులో. ఇక అక్కణ్ణుంచి గంగాస్నానం, సంధ్యావందనం, మడి, ఆచారం. ఆ నిష్ఠలో కపటం లేదు. కానీ అది ఎక్కడ మొదలైందో ఠాగూర్ మనకి ముందే చూపించేశాడు. నిందించినవాడు ఏ మాటల్లో నిందించాడో, ఆ మాటల్నే తిప్పి కవచంలా తొడుక్కున్నాడు గోరా.

ఆ కవచం ఎవరికి గుచ్చుకుంటుందంటే తల్లికి. ఆనందమయి గదిలో గోరా ఏమీ ముట్టడు, ఎందుకంటే ఆమె దగ్గర లచ్మియా అనే క్రైస్తవ పనిమనిషి ఉంది. చిన్నప్పుడు ఆ లచ్మియా చేతుల మీదే పెరిగాడు. నవల చివర్లో నిజం బయటపడుతుంది. గోరా 1857 తిరుగుబాటు రోజుల్లో ఆ ఇంట్లో తలదాచుకున్న ఒక ఐరిష్ మనిషి భార్యకి పుట్టిన బిడ్డ. ఏ ధర్మాన్ని కాపాడటానికి ఇంత పోరాడాడో ఆ ధర్మం లెక్కలో అతను మ్లేచ్ఛుడు. అప్పుడు ఇంటికొచ్చి తల్లితో అంటాడు, లచ్మియాని పిలిచి ఒక గ్లాసు మంచినీళ్ళు తెమ్మని. ఆ మాట అనగలగడానికి ముందు అతను ఓడిపోవాల్సి వచ్చింది. ఏ ఉపన్యాసమూ, ఏ తర్కమూ చేయలేని పని జన్మరహస్యం చేసింది. ఇది కొంచెం సినిమాటిక్‌గా ఉందని కొందరు విమర్శిస్తారు. కానీ వాదనలతో కట్టుకున్న గుర్తింపు వాదనలతో కూలదని ఠాగూర్‌కి తెలుసు.

ఈ లెక్కన చూస్తే విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' మరింత బాగా అర్థమవుతుంది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజు 'నారాయణరావు'తో బహుమతి పంచుకున్న నవల ఇది. సుబ్బన్నపేట అనే ఊరు, వేయి పడగల సుబ్రహ్మణ్యేశ్వరుడు, ఒక్కొక్క పడగా రాలిపోతుంటే చూస్తూ నిలబడిన ధర్మారావు. కొందరు దీన్ని ఛాందసం అని కొట్టిపారేస్తారు, కొందరు వేదం అని నెత్తిన పెట్టుకుంటారు. రెండు పద్ధతులూ ఆ నవలకి అన్యాయమే చేస్తాయి. ఇంగ్లీషు చదువూ కొత్త పాలనా తెచ్చిన మార్పుల్ని చూసిన మనిషి, వెనక్కి తిరిగి ఒక సంపూర్ణమైన ఊరిని ఊహించుకున్నాడు. కోల్పోయానన్న బాధ ఎంత నిజమో ఆ ఊరు అంత నిండుగా వచ్చింది. పడమర లేకపోతే సుబ్బన్నపేట ఆ రూపంలో పుట్టేదే కాదు. పైగా ఆ బాధ చెప్పుకోడానికి విశ్వనాథ ఎంచుకున్న ప్రక్రియ నవల. దీన్ని వైరుధ్యం అని ఎత్తిచూపాల్సిన పని లేదు. ఆ కాలంలో ఆలోచించే ప్రతి తెలుగు రచయితకీ ఉన్న పరిస్థితే ఇది. గురజాడ 'కన్యాశుల్కం' లాంటి తెలుగు నాటకానికి ముందుమాట ఇంగ్లీషులో రాసుకున్నాడు.

ఇక ఓడ ఎక్కిన వాళ్ళ సంగతి. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924 నాటిది. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండు బయల్దేరి ముందు మద్రాసు చేరతాడు. దొరల దేశానికి దొరలాగే వెళ్ళాలని మద్రాసులో సామాన్లు కొంటూ ఆడవాళ్ళ టోపీ కొనేస్తాడు. చూసిన వాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాదు. తెలుగువాళ్ళు తరతరాలుగా ఈ ఘట్టానికి నవ్వుతూనే ఉన్నారు. దాని లోతు గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోలేదు. పార్వతీశం ఇంకా సముద్రం దాటలేదు. అయినా పడమర అతనికి ఎదురైంది, ఒక దుకాణం అద్దాల బీరువాలో, వస్తువు రూపంలో. ఆ వస్తువుని ఎవరు వాడతారో, ఎప్పుడు వాడతారో తెలియదు. అనుకరించాలన్న కోరిక ముందు వచ్చింది, అనుకరించే సరుకు గురించిన జ్ఞానం రాలేదు. వలస దేశాల్లో చదువుకున్న మధ్యతరగతి పరిస్థితి ఇంత తేలిగ్గా, ఇంత ప్రేమగా చెప్పిన రచన ఇంకోటి దొరకడం కష్టం. ఇదే విషయాన్ని ట్రినిడాడ్ నుంచి వచ్చిన వి.ఎస్. నైపాల్ 1967లో 'ద మిమిక్ మెన్'లో చేదుగా రాశాడు. మొక్కపాటి దగ్గర ఆ చేదు లేదు. తన మనిషిని చిన్నబుచ్చకుండానే నవ్వించాడు.

తిరిగొచ్చిన కొడుకు కథల్లో చెన్నైవాసులు తమదిగా చెప్పుకోదగ్గది ఆర్.కె. నారాయణ్ 'ద వెండర్ ఆఫ్ స్వీట్స్'. నారాయణ్ పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే, పురసవాక్కంలో అమ్మమ్మగారింట్లో. 1967లో వచ్చిన ఈ నవలలో జగన్ గాంధేయవాది, ఖద్దరు కడతాడు, భగవద్గీత చదువుతాడు, మిఠాయి కొట్టు నడుపుతాడు. కొడుకు మాలి అమెరికా వెళ్ళి, కథలు రాసే యంత్రం తయారుచేసే వ్యాపారం ఆలోచనతోనూ గ్రేస్ అనే అమ్మాయితోనూ దిగుతాడు. నోట్సులో అయితే ఇది గాంధీ యుగానికీ అమెరికా యుగానికీ గొడవ. పుస్తకంలో అలా లేదు. ఇల్లు శుభ్రం చేసి, మామగారి అవసరాలు కనిపెట్టి చూసుకునేది ఆ పరాయి దేశపు గ్రేసే. జగన్ రోజూ సాయంత్రం ఆరు దాటాక వచ్చిన డబ్బుని లెక్కల్లో చూపకుండా వేరే కూజాలో వేసుకుంటాడు. అతని దృష్టిలో అది ఇన్‌కమ్‌టాక్స్ వాళ్ళకి సంబంధం లేని డబ్బు. నారాయణ్ దీన్ని పెద్ద గొంతుతో ఖండించడు. కానీ ఆ కూజా చూశాక జగన్‌ని నిష్కళంకమైన తూర్పుకి ప్రతినిధిగా నిలబెట్టడం ఎవరి తరమూ కాదు.

ఈ వ్యాసం చెప్పదలుచుకున్నది అన్నిటికంటే తీవ్రంగా చెప్పిన నవల మాత్రం సూడాన్ నుంచి వచ్చింది. తయీబ్ సాలిహ్ అరబ్బీలో రాసి 1966లో ప్రచురించిన 'ఉత్తరానికి వలసపోయే కాలం'. ఇంగ్లండులో ఏడేళ్ళు చదువుకుని నైలు నది ఒడ్డున తన ఊరికి తిరిగొచ్చిన ఒక యువకుడు కథ చెబుతాడు. ఊళ్ళో ముస్తఫా సయీద్ అనే కొత్త మనిషి ఉంటాడు. ఒకరాత్రి తాగిన మత్తులో అతని నోట ఇంగ్లీషు పద్యం వినిపిస్తుంది. నెమ్మదిగా గతం బయటికొస్తుంది. లండన్‌లో ఆర్థికశాస్త్రం చెప్పిన మేధావి. అక్కడ తన పడగ్గదిని అగరు, చందనం, ఏనుగు దంతం, తివాచీలతో అలంకరించి, ఎడారుల గురించీ అడవుల గురించీ కట్టుకథలు చెప్పి ఇంగ్లీషు స్త్రీలని ఆకర్షించేవాడు. వాళ్ళు ఏ తూర్పుని కలగన్నారో దాన్నే వాళ్ళకి అమ్మాడు. ముగ్గురు ఆత్మహత్య చేసుకున్నారు. అక్కడ పెళ్ళాడిన ఇంగ్లీషు భార్యని తనే చంపాడు. కోర్టులో అతన్ని కాపాడాలనుకున్న ఇంగ్లీషు ప్రొఫెసర్, ఇతను రెండు నాగరికతల మధ్య నలిగిన మనిషి అని వాదిస్తాడు. అంటే మన పరీక్ష జవాబే! అది వింటూ ముస్తఫా సయీద్ మనసులో అనుకునేది, నేనొక అబద్ధాన్ని, ఈ అబద్ధాన్ని చంపేయండి అని. రెండు నాగరికతల సంఘర్షణ అన్న మాటని ఆ నవల తన కడుపులోనే పెట్టుకుని, అది ఎంత బోలు మాటో చూపించింది.

అక్కడితో అయిపోలేదు. ముస్తఫా సయీద్ వరదలో మాయమయ్యాక, తాళం వేసి ఉన్న అతని గదిని కథకుడు తెరుస్తాడు. ఆ మట్టి ఇళ్ళ మధ్య, ఆ మండే ఎండలో, ఇంగ్లీషు తరహా చలిమంట పొయ్యి! చుట్టూ నేల నుంచి కప్పు దాకా పుస్తకాలు. ఒక్కటంటే ఒక్కటి కూడా అరబ్బీ పుస్తకం లేదు. ఖురాన్ కూడా ఇంగ్లీషు అనువాదమే. లండన్‌లో అతని గది నకిలీ తూర్పు, ఊళ్ళో అతని గది నకిలీ పడమర. ఈ రెండు గదుల్ని పక్కపక్కన పెట్టి చూపించిన తర్వాత సాలిహ్ మరో దెబ్బ వేస్తాడు. ముస్తఫా ఈ ఊళ్ళో చేసుకున్న భార్య హుస్నాకి ఇష్టం లేకుండా ఊరి ముసలివాడు వద్ రయ్యిస్‌కిచ్చి బలవంతంగా పెళ్ళి చేస్తారు. ఆమె అతన్ని చంపి తానూ చచ్చిపోతుంది. ఊరు ఆ మరణానికి ఏడవను కూడా ఏడవదు. రాత్రికి రాత్రి పాతిపెట్టి, తప్పంతా ఆమెదే అంటుంది. కథకుడు ఇంగ్లండులో ఉన్నన్నాళ్ళూ తలుచుకుని తపించిన ఊరు అదే. అతను ఆమెని ప్రేమించాడు, కాపాడగలిగీ కదల్లేదు. ముస్తఫా చేసిన హింసా, ఊరు చేసిన హింసా ఒకదాని పక్కన ఒకటి నిలబడితే, పడమరది పాపం తూర్పుది అమాయకత్వం అన్న లెక్క నిలబడదు. సంస్కృతిని కాపాడే భారం ఆడవాళ్ళ ఒంటి మీదే వేసి, వాళ్ళు కాదంటే సంస్కృతే పోయిందని గోలపెట్టడం మనకి తెలియని సంగతేం కాదు.

నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో రాసిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' కూడా ఇలాంటిదే. చివర్లో జిల్లా కమిషనర్ తను రాయబోయే పుస్తకంలో కథానాయకుడు ఒకాంక్వో జీవితానికి ఒక పేరా కేటాయిస్తే చాలనుకునే చోటు అందరికీ గుర్తుంటుంది. అక్కడ కోపం రాని పాఠకుడు ఉండడు. కానీ ఆ కోపంలో ఇంకో విషయం మర్చిపోతుంటాం. ఒకాంక్వో తల్లి పుట్టిన ఊరు ఎంబాంటాలో చర్చికి ముందుగా వెళ్ళింది ఎవరు? కవలలు పుడితే అడవిలో పారేయాల్సి వచ్చిన తల్లులు, ఊరు దూరం పెట్టిన 'ఒసు' జనం. అచెబె తన జాతిని ఎంత ప్రేమించాడో అంత నిజాయితీగా ఈ సంగతి రాశాడు. గోడలో బీట ముందే ఉంది. తెల్లవాడు ఆ బీటలోంచి వచ్చాడు.

ఈ మాట తెలుగులో చెప్పిన నవల జి. కల్యాణరావు 'అంటరాని వసంతం', 2000లో వచ్చింది. దీనికి చెన్నైతో ఉన్న బంధం మట్టిలో ఉంది. బకింగ్‌హాం కాలువ నగరం మధ్యలోంచి పోతుంది. తిరుమయిలై స్టేషన్ దగ్గర ఎం.ఆర్.టి.ఎస్. రైలు దిగిన ప్రతివాళ్ళూ ఆ కాలువ మీదే అడుగుపెడతారు. ఇవాళ అది కంపుకొట్టే మురుగు. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా జనం రాలిపోతుంటే, కరువు పని కింద ఈ కాలువలో కొన్ని భాగాలు తవ్వించారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ళ కాలువ పని కాంట్రాక్టుకి తీసుకుని, వేరే చోట పని దొరకని మాదిగలకి ఇచ్చాడు. కరువు తగ్గాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

కల్యాణరావు నవలలో శివయ్య, శశిరేఖ ఈ కరువులోనే ఊరు వదులుతారు. ఆకలితో కాలువ పనికి వెళ్తే, అంటరానివాళ్ళతో కలిసి మేం పని చేయం అని అగ్రకులాల కూలీలు తరిమేస్తారు. ఆకలి అందరిదీ ఒకటే అయినా గంపా పారా ఒకటి కావు. అక్కడ ఆదుకున్నది క్రైస్తవం తీసుకున్న వాళ్ళు. శివయ్య సీమోను అవుతాడు. ఈ ఘట్టాన్ని 'తూర్పు పడమరల సంఘర్షణ' అనే చట్రంలో ఎక్కడ పెట్టగలం? శివయ్య ఏ సంస్కృతిని వదులుకున్నాడు? తన తండ్రి ఎల్లన్న పాటలు కట్టి ఆడిన వీధిభాగోతాన్ని ఊరు ఎప్పుడైనా సంస్కృతిగా లెక్కపెట్టిందా? చెరువు నీళ్ళు తాకనివ్వని ఊరు, అతను మతం మారగానే మన సంస్కృతి పోయిందని బాధపడితే ఆ 'మన'లో అతను ఎప్పుడున్నాడు? నవల చర్చిని ఆకాశానికెత్తదు కూడా. మతం మారినా కులం వెంటాడుతుంది, నెత్తురు పారుతుంది, తర్వాతి తరాలు విప్లవోద్యమం వైపు నడుస్తాయి. పడమర విముక్తి ఇవ్వలేదు, ఒక పూట కూలి ఇచ్చింది, ఒక పేరు ఇచ్చింది. ఆ రెండూ ఇక్కడ దొరకనప్పుడు వాటి విలువ ఎంతో సుబ్బన్నపేటలో పుట్టినవాళ్ళకి తెలియదు. వలసానంతర సాహిత్యం మీద మన విశ్వవిద్యాలయాల్లో వచ్చే వ్యాసాల్లో ఈ నవల పేరు ఇంకా అరుదుగా వినిపించడం బాధాకరం.

భాష దగ్గరికి వస్తే చెన్నై తెలుగువాళ్ళ పరిస్థితి మరీ ప్రత్యేకం. కెన్యా రచయిత గూగీ వా థియాంగో 1986లో రాసిన వ్యాసాల్లో, బడిలో తల్లిభాష గికుయు మాట్లాడిన పిల్లల మెడలో 'నేను గాడిదని' అని రాసిన పలక వేలాడదీసేవాళ్ళని చెప్పాడు. ఆయన ఇంగ్లీషులో నవలలు రాయడం మానేసి గికుయులో రాశాడు, జైల్లో టాయిలెట్ కాగితం మీద కూడా. ఆ పట్టుదలకి చేతులెత్తి మొక్కాలి. కానీ ఆయన దారిలో నడవాలంటే మనిషికి తిరిగి వెళ్ళడానికి ఒక భాషా, ఆ భాష మాట్లాడే నేలా ఉండాలి. చెన్నైలో మూడు నాలుగు తరాలుగా ఉన్న తెలుగు కుటుంబంలో అమ్మతో తెలుగు, ఆటోవాళ్ళతో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే సగం తమిళం కలిసిపోయి ఉంటుంది. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు మైలాపూర్‌లో ప్రాణాలు వదిలారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. ఇక్కడ ఉండిపోయిన తెలుగువాళ్ళు సొంత ఊళ్ళోనే మైనారిటీ అయ్యారు. 2006లో తమిళనాడు ప్రభుత్వం పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చాక, తెలుగు చదవడం రాయడం రాని తెలుగు పిల్లలు ఇంకా పెరిగారు. ఇంగ్లీషు ఎలాగూ ఉంటుంది. ఇందులో తూర్పు ఏది, పడమర ఏది? ఇద్దరు తూర్పువాళ్ళు తగువుపడితే మధ్యవర్తిగా ఇంగ్లీషు కూర్చునే ఇళ్ళు చెన్నైలో ఎన్నో. తమిళాన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఇంగ్లీషు దెబ్బ తగిలిన మరో భాష తనని తాను కాపాడుకుంటూ పక్కనున్న చిన్న గొంతుని నొక్కేయడం ఇది. గూగీ ఆలోచనని ఇక్కడికి తెచ్చుకోవాలంటే దీన్ని కూడా కలుపుకుని ఆలోచించాలి.

చెన్నైలో ఉంటూ 'చందమామ' పత్రికని ఏళ్ళ తరబడి నడిపిన కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' నవలని ఈ కోణంలో మళ్ళీ చదవాలి. అందులో సుందరం ఓడ ఎక్కడు. పడమరే బడి రూపంలో, పరీక్షల రూపంలో, ఉద్యోగం ఆశ రూపంలో ఇంటికొస్తుంది. చదువు ఎందుకు అన్న ప్రశ్నకి ఇంట్లో ఎవరి దగ్గరా సరైన సమాధానం ఉండదు, చదివించడం మాత్రం ఆగదు. విదేశ ప్రయాణం చుట్టూ తిరిగే కథలకంటే ఇలాంటి నవల వలస పాలన ఎలా పనిచేసిందో ఎక్కువ చెబుతుంది.

హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ రాకముందు తెలుగువాళ్ళంతా వీసా కోసం చెన్నై వచ్చి, జెమినీ ఫ్లైఓవర్ పక్కన లైన్లో నిలబడేవాళ్ళు. ఫైలు ఛాతీకి హత్తుకుని, కొత్త చొక్కా వేసుకుని, ఇంటర్వ్యూ టెన్షన్‌తో. పార్వతీశం టోపీ కొన్న ఊళ్ళోనే అతని మునిమనవలు తమ పడమరకి దరఖాస్తు పెట్టుకున్నారు. అక్కడికి వెళ్ళిన వాళ్ళ కథలు తెలుగులో ఇప్పుడు బోలెడు వస్తున్నాయి. ఎక్కువ కథల్లో మళ్ళీ అదే చట్రం. అక్కడ ఒంటరితనం, ఇక్కడ అమ్మ చేతి వంట, పిల్లలకి తెలుగు రాకపోవడం, సంక్రాంతికి ముగ్గు. బాధ నిజమే కానీ చూపు పాతదే. వెళ్ళినవాళ్ళు ఏం పోగొట్టుకున్నారన్నదే ఈ కథలన్నీ అడుగుతాయి. వెళ్తూ ఏం పట్టుకెళ్ళారన్నది అడగవు.

2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిల్ కుల వివక్షని నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. దాన్ని అడిగి సాధించిన వాళ్ళూ, మా సంస్కృతి మీద దాడి అని వ్యతిరేకించిన వాళ్ళూ ఇద్దరూ మనవాళ్ళే. గోరా మిషనరీకి రాసిన జవాబులో వాడిన వాదనలు ఆ సమావేశంలో మళ్ళీ వినిపించాయి. ఆ 'మన'లో శివయ్య ఎప్పుడున్నాడన్న ప్రశ్న కూడా వినిపించింది. ఈ రెండు గొంతుల్నీ ఒకే ఆఫీసులో, పక్క పక్క టేబుళ్ళ దగ్గర కూర్చోబెట్టి, ఇద్దరికీ న్యాయం చేస్తూ రాసే తెలుగు నవల కోసం పాఠకులు ఎదురుచూడాల్సిన సమయం ఇది. రాసేవాళ్ళకి కావలసిన సామగ్రి అంతా 'అంటరాని వసంతం'లోనూ 'గోరా'లోనూ ఇప్పటికే ఉంది.